బారసూరు సముద్రము

బస్తరు సీమలో ఇంద్రావతీనదికి చేరువగా బారసూరు అను ప్రాచీనగ్రామ మొకటి కలదు. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దంతెవాడ జిల్లాకు చేరినది. ఒకప్పుడు ఆ ఊరిలో 147 దేవాలయములును, 147 చెరువులును ఉండెడివని జనశ్రుతి. లెక్క మాట ఎట్లున్నను, కూలిన గోపురములును పూడిన గుంటలును ఆ మాటను పూర్తిగ అబద్ధమని త్రోసివేయనీయవు. శక 983వ సంవత్సరమున, అనగా క్రీస్తుశకము 1060-61 ప్రాంతమున, ఆ ఊర ఒక తెలుగు శాసనము వెలసినది. అమ్మగామమునకు ప్రభువగు చంద్రాదిత్యుడు దానిని చెక్కించెను. ఈయన తెలుగు చోడుల వంశమువాడు. ఛిందకనాగవంశజుడగు జగదేకభూషణ ధారావర్ష మహారాజునకు సామంతుడు. ఈయన బారసూరున శివాలయము కట్టించి స్వామికి చంద్రాదిత్యేశ్వరుడని పేరిడెను. దానితోబాటు చెరువొకటి త్రవ్వించెను. ఆ చెరువునకు ఆయన పెట్టిన పేరు చంద్రాదిత్యసముద్రము.

బారసూరునకు సముద్రమెక్కడ? నడుమ తూర్పుకనుమలున్నవి. జగదల్‌పూరునుండి విశాఖపట్టణమునకు నేటి రోడ్డుమీదనే దాదాపు 300 కిలోమీటర్ల ప్రయాణము. తొమ్మిదివందల అరువది సంవత్సరములకు పూర్వము ఆ చెరువుగట్టునకు మన్ను మోసిన కూలీలలో సముద్రమును కన్నులార చూచినవారెందరుందురు? అట్టి వారి నడుమ ఒక సామంతుడు గుంట త్రవ్వించి దానికి సముద్రమని పేరు పెట్టుట చూచి నవ్వు వచ్చిన రావచ్చును.

తెలుగువారు మాత్రము నవ్వరు. వారి నాట చెరువునకు సముద్రమని పేరిడుట పుట్టుకనుండి వచ్చిన అలవాటు. కేసముద్రము, లింగసముద్రము, అనంతసాగరము, ఇట్టి ఊళ్లపేళ్లు ఎన్నియో కలవు. 1562లో కట్టిన హైదరాబాదు చెరువు హుస్సేన్‌సాగరు. 1955లో శంకుస్థాపన జరిగిన కృష్ణానదిమీది ఆనకట్ట నాగార్జునసాగరము. వీనిలో ఒక్కదానిలోనైన ఉప్పునీరు లేదు, ఓడ లేదు, పోటు లేదు, పాటు లేదు. అలవాటుపడిన చెవికి ఈ పేళ్లు వింతగ తోపవు. కాని వేదాంతవిచారము చేయువానికి అలవాటే మొదటి శత్రువు. చిన్నదానిని పెద్దపేరుతో పిలుచుట అజ్ఞానమా, లేక దర్శనమా? ఈ ప్రశ్న చెరువుతో తీరునది కాదు. మట్టిబొమ్మను పరమేశ్వరుడనుచున్నాము. మూడక్షరముల నామమును పరబ్రహ్మమనుచున్నాము. బారసూరు చెరువు సముద్రము కానిచో, ఆ గట్టుమీది రాయి చంద్రాదిత్యేశ్వరుడెట్లగును?

1893వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన చికాగో సర్వమతమహాసభలో స్వామి వివేకానందులు చెప్పిన కప్పకథ అందరెరిగినదే. నూతిలో పుట్టి నూతిలో పెరిగిన కప్పయొద్దకు ఒకనాడు సముద్రపుకప్ప వచ్చి పడినది. సముద్రమెంత ఉండునని నూతికప్ప అడిగి, ఆ దరినుండి ఈ దరికి గంతువేసి, ఇంత ఉండునా అనినది. సముద్రమును నూతితో పోల్చుట ఎట్లని రెండవది అనగా, నూతికంటె పెద్దది ఉండబోదు, నీవు అబద్ధమాడుచున్నావని దానిని వెళ్లగొట్టినది. మతములవారు ఒండొరులతో తగవులాడుటకు కారణము ఇదియేనని స్వామీజీ ఆనాడు సభకు తెలిపిరి.

పైపైన చూచిన బారసూరు సామంతుడును ఆ నూతికప్పయు ఒకే తానులోని గుడ్డలుగ కనిపింతురు. కప్ప తన నూతిని సముద్రమంత అనినది; ఆయనయు తన చెరువును సముద్రమనెను. భేదమేమున్నది? భేదమున్నది, అది చాల పెద్దది. దానిని చూడవలెనన్న ముందు ఆ పదము లోతు చూడవలెను.

యాస్కుడు నిరుక్తమున సముద్రశబ్దమునకు ఐదు వ్యుత్పత్తులు చూపెను. నీళ్లు దీనినుండి పైకెగయుచున్నవి కావున ఇది సముద్రము. నీళ్లు నలువైపులనుండి దీనికెదురుగ పరుగెత్తి వచ్చుచున్నవి కావున సముద్రము. ప్రాణులు ఇందు సంతోషించుచున్నవి కావున సముద్రము. నీటితో నిండియున్నది కావున సముద్రము. తడుపుచున్నది కావున సముద్రము. ఈ ఐదింటిని మరల ఒకమారు చదివిన ఒక విశేషము కానవచ్చును. ఇంత పెద్దది అని ఒక్క వ్యుత్పత్తియైన చెప్పలేదు. ఉప్పనిది అనియు చెప్పలేదు. దరిలేనిది అనియు చెప్పలేదు. ఆ మహర్షి కొలత చూడలేదు. నీరు చేయు పనిని చూచెను. ఎత్తుకొనిపోవుట, చేర్చుకొనుట, ఆనందపెట్టుట, నిండియుండుట, తడుపుట. వేసవిలో ఏ చెరువునుండి ఆవిరి లేవదు? వానకాలమున ఏ చెరువునకు వాగులు పరుగెత్తవు? దప్పిగొన్న పశువు, కలశముతో వచ్చిన ఇల్లాలు, ఈతకు దిగిన పిల్లవాడు ఏ చెరువునొద్ద సంతోషింపరు? క్రింది మడిని తడుపని చెరువేది? నిరుక్తమును బట్టి చూచిన చంద్రాదిత్యుని పేరులో తప్పు లేదు.

అమరసింహుడు సముద్రమునకు పదునైదు పేళ్లు చెప్పెను. అందులో అకూపారమని ఒకటి, దాని వెంటనే పారావారమని మరియొకటి. మొదటిదానికి హద్దులేనిదని అర్థము చెప్పువారున్నారు. రెండవది ఈ దరియు ఆ దరియు కలది. ఈ రెండు పేళ్లను ఆ నిఘంటుకారుడు ప్రక్కప్రక్కనే కూర్చుండబెట్టి ఒక్క మాటయు సంజాయిషీ చెప్పక ముందుకు సాగిపోయెను. దరి కలదా, లేదా? ఒడ్డున నిలిచినవానికి ఒక దరి కలదు. నడుమనున్నవానికి ఏ దరియు లేదు. దాటినవాడు రెండును కలవనును. సముద్రశబ్దమును ముద్రతో కూడినదని విరిచి, హద్దు మీరనిదని అర్థము చెప్పిన వ్యాఖ్యాతలును కలరు. ఎన్ని నదులు వచ్చి కలిసినను పొంగక, నిండియు కదలక ఉండు సముద్రమును గీతాచార్యుడు రెండవ అధ్యాయమున శాంతిపొందిన మునికి ఉపమానముగ చెప్పెను. ఆ నిండుదనమునకును ఈ ముద్రకును చుట్టరికమున్నది.

ఇక సాగరశబ్దము. ఇది సగరశబ్దమునుండి వచ్చిన తద్ధితరూపము. సగరునకు సంబంధించినది, సగరపుత్రులచే త్రవ్వబడినది అని అర్థము. సగరుడన్న పేరులోనే ఒక విషాదగాథ దాగియున్నది. గరమనగా విషము. ఆయన గర్భమున ఉన్నప్పుడు సవతి తల్లి ఆయన తల్లికి విషము పెట్టెను. ఋషియనుగ్రహమువలన బిడ్డ చావక విషముతోడనే పుట్టెను, కావున సగరుడు. విషముతో పుట్టినవాని పేరే రత్నాకరమునకు పేరైనది. ఆ సముద్రమునుండియే హాలాహలమును అమృతమును రెండును పుట్టినవని పురాణమనుటలో ఆశ్చర్యమేమున్నది!

ఆ కథ శ్రీమద్రామాయణ బాలకాండమున విపులముగ కలదు. అయోధ్యాపతి సగరుడు అశ్వమేధమునకు పూనుకొనెను. ఇంద్రుడు యాగాశ్వమును అపహరించెను. సుమతికి పుట్టిన అరువదివేలమంది కుమారులు దానిని వెదకుచు, మనిషికొక యోజనము చొప్పున భూమిని త్రవ్వివేసిరి. గునపములు దిగుచుండగా నాగులు, అసురులు, భూతములు ఆర్తనాదములు చేసిరి. పాతాళమున దిక్కులను మోయు నాలుగు ఏనుగులను వారు చూచిరి. తూర్పున విరూపాక్షము, దక్షిణమున మహాపద్మము, పడమట సౌమనసము, ఉత్తరమున భద్రము. ప్రతి ఏనుగునకు ప్రదక్షిణము చేసిరి, మరల త్రవ్విరి. తుదకు కపిలమహర్షియు, ఆయన దాపున మేయుచున్న గుఱ్ఱమును కానవచ్చిరి. నీవే దొంగవని కేకలువేయుచు ఆయనమీదికి పరుగెత్తిరి. హుంకారమాత్రమున బూడిదకుప్పలైరి.

ఇచ్చట భాగవతము నవమస్కంధమున ఒక సవరణ చేయుచున్నది. దానిని గుర్తింపక కథ చెప్పువారు పెద్ద పొరపాటు చేయుచున్నారు. కపిలుని కోపాగ్ని వారిని కాల్చెననుట సరికాదు, శుద్ధసత్త్వమూర్తియగు ఆ మహాత్మునకు కోపమెక్కడిది, ఆకాశమునకు మట్టి అంటునా అని భాగవతము ప్రశ్నించుచున్నది. వారు తమ దేహములయందలి అగ్నిచేతనే దగ్ధులైరట. సాంఖ్యశాస్త్రమనెడి ఓడను కట్టి జనులను మృత్యుసాగరము దాటించిన ఆచార్యుడు ఒకని కాల్చుటకు పూనుకొనడు. త్రవ్వినవారు తామే, మండినవారు తామే.

ఈ కథనుబట్టి సాగరమనునది మానవహస్తముచే త్రవ్వబడిన గుంట. లోకమందలి మొదటి పెద్ద చెరువది. చెరువునకు సాగరమని పేరిడుట చిన్నదానికి పెద్దపేరు తగిలించుట కాదు. పెద్దదానికి దాని పుట్టుకను జ్ఞాపకము చేయుట. తెలుగు చోడులు తమను సూర్యవంశీయులమనియు, కావేరికి కట్టలు కట్టిన కరికాలుని సంతతివారమనియు చెప్పుకొనుట వాడుక. సగరుడు ఆ సూర్యవంశపు రాజే. పాతాళమున నాగులకు రాజధాని భోగవతి; బస్తరు నాగవంశపు రాజులు తమను భోగవతీపురవరేశ్వరులని బిరుదముపెట్టి చెప్పుకొనిరి. సూర్యవంశపు సామంతుడు నాగవంశపు రాజు నేలను త్రవ్వెనన్నమాట. కాని ఈమారు గుఱ్ఱముకొరకు కాదు, నీటికొరకు. అరువదివేలమంది త్రవ్విన గుంట వారి శ్మశానమైనది. చంద్రాదిత్యుడు త్రవ్విన గుంట ఊరికి ప్రాణమైనది. గునపము రెండుచోట్లను ఒక్కటే.

గీత పదియవ అధ్యాయమున భగవానుడు తన విభూతులను చెప్పుచు, సరస్సులలో సాగరమును తానేనని అనెను. పర్వతములలో మేరువన్నట్లు, వృక్షములలో అశ్వత్థమన్నట్లు, సరస్సులలో సాగరము. సాగరమును వేరుజాతిగ చెప్పలేదు, చెరువుల పంక్తిలోనే కూర్చుండబెట్టెను. చెరువునకు సముద్రమునకు నడుమ పరిమాణభేదమే కాని జాతిభేదము లేదని ఇందువలన స్పష్టమగుచున్నది. బారసూరు చెరువు ఆ పంక్తిలో చివరి విస్తరియొద్ద కూర్చున్నది. పంక్తి మాత్రము ఒక్కటే.

ఇప్పుడు కప్ప మాటకు రావచ్చును. బ్రహ్మసూత్రముల నాలుగవ అధ్యాయము మొదటి పాదమున ప్రతీకోపాసనను గూర్చిన విచారమున్నది. సూర్యుని బ్రహ్మమని ఉపాసింపుము, మనస్సును బ్రహ్మమని ఉపాసింపుము అని శ్రుతి విధించుచున్నది. అచ్చట సూర్యునియందు బ్రహ్మదృష్టి నిలుపవలెనా, బ్రహ్మమునందు సూర్యదృష్టి నిలుపవలెనా అని సంశయము. సూత్రకారుడు మొదటిదియే తగునని నిర్ణయించెను. ఎందుకనగా ఉత్కృష్టమైన దృష్టిని నికృష్టమైన వస్తువుపై నిలుపుట ఉన్నతికి దారి. శ్రీశంకరులు భాష్యమున లౌకికదృష్టాంతము చెప్పిరి. రథము తోలువానిని రాజుగ చూచి గౌరవించిన మేలు కలుగును. రాజును రథము తోలువానిగ చూచిన కీడు కలుగును.

నూతికప్ప చేసినది ఈ రెండవ పని. అది సముద్రమును నూతికి దింపినది. తన గంతుతో దానిని కొలిచినది. సముద్రపుకప్ప ఎదురుగ నిలిచియున్నను వెళ్లగొట్టినది. చంద్రాదిత్యుడు చేసినది మొదటి పని. తన చెరువును సముద్రమువద్దకు ఎత్తెను. కప్పకు సముద్రమను మాట వినుటకే సహింపకపోగా, ఈయన ఆ మాటను రాతిమీద చెక్కించుకొని తన ఊరి నడుమ నిలుపుకొనెను. ఈ పేరు చదివిన ప్రతివాడును, ఇంతకంటె పెద్దది ఎక్కడనో ఒకటి కలదని తెలిసికొనితీరును. పటమును దేవుడని పూజించువాడును, నా పటమే దేవుడు తక్కినవి కావని పోట్లాడువాడును చూచుటకు ఒక్కతీరుననే ఉందురు. ఇద్దరియెదుటను పటమున్నది, పువ్వులున్నవి, దీపమున్నది. ఒకడు పటమును ఎత్తుచున్నాడు. ఒకడు దేవుని దింపుచున్నాడు.

శ్రీరామకృష్ణులు ఒకే చెరువునకు అనేక రేవులుండుటను గూర్చి పలుమారు చెప్పెడివారు. ఒక రేవున దిగినవాడు జలమనును, వేరొక రేవున దిగినవాడు పానీ అనును, నీరు ఒక్కటే. బస్తరులో ఈ మాటకు వ్యాఖ్యానమే అక్కరలేదు. ఒక్క సంతలోనే తెలుగువారు నీరనుచున్నారు, గోండులు ఏర్ అనుచున్నారు, హల్బీ మాటలాడువారు పానీ అనుచున్నారు. గోండుల ఏర్ అను మాట వినినప్పుడు తెలుగువానికి తన ఊరి ఏరు జ్ఞాపకమువచ్చుట సహజము. దాహము తీరుటకు మాత్రము ఏ మాటయైనను చాలును, లేక ఏ మాటయు అక్కరలేదు.

సాగరశబ్దమునకు వేదాంతగ్రంథములలో మరియొక వాడుక కలదు. అది పైదానికి పూర్తిగ ఎదురు. సంసారసాగరము, భవజలధి, దుఃఖార్ణవము. ఇచ్చట సముద్రము ఉపాస్యము కాదు, భయంకరము. గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు తనయందు చిత్తము నిలిపినవారిని మృత్యుసంసారసాగరమునుండి తానే పైకెత్తుదునని మాట ఇచ్చెను. ఒకే పదము పరమేశ్వర విభూతిగను, మునుగుచోటుగను ఎట్లు వచ్చినదని సాధకులు అడుగుట కద్దు. దీనికి సమాధానము కొంత వ్యాకరణమున, కొంత సగరకథలో ఉన్నది.

సంసారసాగరమను సమాసము రూపకము. సంసారమనెడి సాగరము అని విగ్రహవాక్యము. సాగరమనగా త్రవ్వబడినది. ఎవరిచే? ఈ ప్రశ్నను చాలమంది దాటిపోవుదురు. సంసారము ఎక్కడనో ముందే ఉన్నదనియు, దానిలో తమనెవరో పడద్రోసిరనియు తలతురు. శబ్దమట్లు చెప్పుట లేదు. జీవుడు పోయిన గుఱ్ఱమును వెదకుచు త్రవ్వెను. గుఱ్ఱము ఒక్కొక్కనికి ఒక్కొక్కటి. ఒకనికి ధనము, ఒకనికి కీర్తి, ఒకనికి తనకు జరిగిన అన్యాయమునకు ప్రతీకారము. దానిని ఎవడో దొంగిలించెనని దృఢముగ నమ్మి, మనిషికొక యోజనము త్రవ్వుచున్నాడు. నడుమ దిగ్గజములవంటి మహాత్ములు కనిపించిన ప్రదక్షిణము చేయుచున్నాడు; చేసి, మరల గునపమెత్తుచున్నాడు. దేవాలయమునకు పోయి వచ్చి తిరిగి వ్యాజ్యపు కాగితములు విప్పువాని ప్రదక్షిణము ఇట్టిదే. తుదకు గుఱ్ఱమును జ్ఞానియు ఒక్కచోటనే కనిపింతురు. అదియే కథలోని దారుణము. వెదకిన వస్తువు ఎదుటనే మేయుచున్నది. చేతులు జోడించిన దక్కియుండెడిది. దొంగ అనిన మాటతో అంతయు ముగిసినది.

వారి తరువాత వచ్చినవాడు అంశుమంతుడు. తండ్రి అసమంజుడు పసిపిల్లలను సరయువులో త్రోసిన క్రూరుడు; కుమారుడు మాత్రము వినయశీలి. అతడు పినతండ్రులు త్రవ్విన త్రోవనే దిగిపోయెను, ఆ దిగ్గజములకే నమస్కరించెను, ఆ గుఱ్ఱమునే కొనివచ్చెను. త్రోవ మారలేదు. బూడిదకుప్పలకు నీళ్లు విడువగోరగా ఆ లోతున ఎక్కడను నీటిచుక్క దొరకలేదు. అరువదివేల యోజనములు త్రవ్వినను చుక్క నీరు లేదు! గంగ దిగివచ్చిననే కాని వీరికి గతి లేదని గరుత్మంతుడు చెప్పెను. సగరుడు ముప్పదివేల సంవత్సరములు రాజ్యము చేసియు ఉపాయము కానలేక స్వర్గస్థుడయ్యెను. అంశుమంతుడు తపస్సు చేసి చనిపోయెను. దిలీపుడు చింతించి చనిపోయెను. భగీరథునికి గాని గంగ దిగలేదు. ఆమె రసాతలమునకు చేరి బూడిదను తడిపినది. అగస్త్యుడు త్రాగివేసిన సముద్రమును ఆమెయే నింపినదని భారతము వనపర్వమున చెప్పుచున్నది. త్రవ్వుట మనుష్యునివంతు. నింపుట మాత్రము పైనుండి దిగవలసినదే. కాని గుంటయే లేనిచో దిగిన గంగ ఎక్కడ నిలుచును? సంసారసాగరమని భయపడిన లోతే కృప దిగినప్పుడు తీర్థమగుచున్నది. బూడిదకుప్పలున్న చోటే నేడు లక్షలమంది మకరసంక్రాంతినాడు స్నానముచేయు గంగాసాగరము.

తెలుగునాట చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటి. పుత్రుడు, దేవాలయము, వనము, అగ్రహారము, నిక్షేపము, కావ్యము, చెరువు. కడపసీమలో పోరుమామిళ్ల చెరువునొద్ద 1369వ సంవత్సరపు శాసనమున్నది. బుక్కరాయని కుమారుడగు భాస్కర భవదూరుడు దినమునకు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండు సంవత్సరములు పని చేయించి ఆ చెరువు కట్టించెను. దాని పేరును అనంతరాజసాగరమే. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువును చెరచు ఆరు దోషములను ఆ శాసనము లెక్కించుచున్నది. ఇంజనీర్లు దానిని మెచ్చుకొనుట వినబడుచున్నది. సాధకులు చదివిన మరింత మెచ్చుకొందురు. కట్టనుండి నీరు ఊరిపోవుట ఒక దోషము. జపముననుండి లేచినతోడనే నోటి మాటలలో జారిపోవు శక్తి ఇట్టిది. చవిటినేల మరియొకటి. రెండు రాజ్యముల పొలిమేరమీద చెరువుండుట వేరొకటి. పొలిమేర చెరువును ఇరువురు రాజులును తమదందురు, మరమ్మతు మాత్రము ఎవరును చేయింపరు. సగము దేవునికి సగము లోకమునకు వ్రాసియిచ్చిన మనస్సునకు ఇంతకంటె తగిన పోలిక దొరకుట కష్టము. నడుమ మెరక ఉండుట నాలుగవ దోషము. నీరు స్వల్పమై నేల విశాలమగుట ఒకటి. నీరు హెచ్చై నేల ఇరుకగుట మరియొకటి. భక్తి చారెడు, వ్రతములు బారెడుగ ఉన్నవారు మొదటిదానిని, ఉద్రేకముతో ఏడ్చి రెండు దినములలో చల్లబడువారు రెండవదానిని ఆలోచింపవచ్చును.

చంద్రాదిత్యసముద్రమను పేరులో ఒక మెరక నడుమ కాక మొదటనే ఉన్నది. అది చంద్రాదిత్యుడను పేరు. సంసారసాగరము రూపకము కాగా ఇది షష్ఠీతత్పురుషము, చంద్రాదిత్యునియొక్క సముద్రము. సముద్రమును కలవాడొకడు కలడన్నమాట. ఆ సామంతుని తప్పుపట్టుటకు ఎవరికిని అధికారము లేదు. గర్భగుడి మెట్టుమీద కూడ దాతలు పేళ్లు చెక్కించుకొను లోకమిది. పైగా ఆయన పేరిట చంద్రుడును సూర్యుడును ఇద్దరును ఉన్నారు. దానము ఆచంద్రార్కము నిలువవలెనని శాసనములలో వ్రాయుట వాడుక, ఈయనకు ఆ వరము పేరులోనే దొరకినది. కాని నా సముద్రము అను మాటలో నా అను అక్షరము ఎంతకాలము నిలుచును? ఉప్పుబొమ్మ సముద్రము లోతు కొలువబోయెనని శ్రీరామకృష్ణులు చెప్పెడివారు. దిగినదేకాని, ఎంత లోతని తిరిగివచ్చి చెప్పుటకు బొమ్మయే మిగులలేదు. ఉప్పుబొమ్మకు సముద్రము షష్ఠీవిభక్తిలో మొదలై, ఏ విభక్తియు లేక ముగిసినది.

బస్తరులో ఇంకొక సాగరమును చెప్పకపోయిన కొరతయగును. జగదల్‌పూరు నగరమున 18వ శతాబ్దపు రాజు దళపతిదేవుని పేర దళపతిసాగరమను పెద్దచెరువున్నది. కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లునుండి వచ్చి స్థాపించెనని చెప్పు రాజవంశమువాడు ఈ దళపతిదేవుడు. ఓరుగంటి చెరువుల అలవాటు ఇచ్చటికిని వచ్చియుండును. ఈ కాలమున ఆ సాగరమునకు పట్టిన చీడ గుఱ్ఱపుడెక్క. పౌరులు దిగి పెరికివేయుచున్నారు, యంత్రములతో తీయించుచున్నారు. మిగిలిన ఒక తునకనుండి మరల అల్లుకొనుచున్నది. పువ్వు మాత్రము చూడముచ్చటగ ఉండును. సగరపుత్రులు వెదకిన గుఱ్ఱము తన డెక్కను ఇచ్చట విడిచిపోయినదా అని తెలుగుభాష తెలిసినవానికి తోచక మానదు. గుఱ్ఱపుడెక్క నీటిని పాడుచేయుటకు నీటిలోనికి దిగదు; పైననే తేలుచుండును. క్రింద నీరు నీరుగనే ఉన్నది. వెలుగు మాత్రము లోపలికి పోదు. వాసనలు ఆత్మను కప్పుట ఇట్లని చెప్పిన చాలును, శాస్త్రము విప్పనక్కరలేదు. అందులకు చెరువును త్రవ్వినంత పని అక్కరలేదు. కాని త్రవ్వుట ఒక్కమారు, పెరుకుట ప్రతిదినము. చంద్రాదిత్యుడు శాసనము వేయించినది మొదటి పనికి. రెండవ పని చేసిన తరతరముల రైతులకు శాసనములు లేవు.

బారసూరున చంద్రాదిత్యుని ఆలయము నేటికిని నిలిచియున్నది. చెరువునకు ఆయన పెట్టిన పేరు చదువుకొన్నవారికే తెలియును. నీళ్లకు పోవువారు చెరువనియే అనుకొందురు. వాన ఎక్కువైన ఏట అక్కడి చెరువులు నిండి అలుగులు పారును. పారిన నీరు వాగులుపట్టి ఇంద్రావతికి చేరును. చిత్రకూటమున దాదాపు 29 మీటర్ల ఎత్తునుండి దూకి వచ్చిన నది, చెరువునుండి వచ్చినదేది, కొండనుండి వచ్చినదేది అని విచారింపక అన్నిటిని కలుపుకొని పడమటి అడవులలోనికి సాగి గోదావరిలో చేరును. గోదావరి పాపికొండలు దాటి అంతర్వేదియొద్ద సముద్రమున కలియును. అక్కడ ఆ నీటికి చంద్రాదిత్యుడు ఇచ్చిన పేరే ఉన్నది, చంద్రాదిత్యుడు లేడు.